పెద్దనాయన ఐషర్ ట్రాక్టర్: ఏడేళ్లుగా ఆగిపోయింది, మళ్లీ నడిపించాలి

చండూరు బత్తాయి
3 నవంబరు 2025

అందరికీ నమస్కారం. మాది చండూరు దగ్గర ఊరు. మా పెద్దనాయన పోయి ఐదు నెలలైంది. ఆయన ట్రాక్టర్ ఇప్పుడు నా చేతికి వచ్చింది. ఐషర్, ఒకటే సిలిండర్, గాలితో చల్లబడే ఇంజిన్. 1991లో కొన్నాడు, ఏపీ 24 నంబరు. నాలుగెకరాల బత్తాయి తోటను, దాని పక్కన రెండెకరాల చల్కను ఆ ఒక్క బండితోనే నెట్టుకొచ్చాడు. మోకాళ్లు పట్టేసినప్పటి నుంచి కిరాయి బండ్లతో దున్నించడం మొదలుపెట్టాడు. అప్పుడు కొట్టంలో పెట్టిన ట్రాక్టర్ ఏడేళ్లుగా అక్కడే ఉంది.

దినాలు అయ్యాక పాత ఇనుము కొనేవాళ్లు రెండుసార్లు వచ్చి కిలో లెక్కన అడిగారు. పెద్దమ్మ ఇవ్వనంది. నన్ను పిలిచి తాళంచెవి చేతిలో పెట్టి ఒకటే మాట అన్నది: "మీ పెద్దనాయన ముందే చెప్పిండు, బండి వానికియ్యి, వాడైతే అమ్మడు అని."

ఆ బండి చప్పుడు మా ఊళ్లో అందరికీ తెలుసు. సాయంత్రం కాలువ మలుపు దగ్గర వినబడగానే పెద్దమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. ఆయన ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, కాసేపు అరుగు మీద కూర్చునేసరికి అన్నం ఉడికేది. చిన్నప్పుడు సెలవులకు పోయినప్పుడల్లా ఇది చూశాను.

ఇప్పుడు దాని పరిస్థితి చెబుతాను. ఇంజిన్ ఇంచు కూడా తిరగడం లేదు, జామ్ అయింది. డీజిల్ ట్యాంకు మూత తీస్తే వార్నిష్ లాంటి వాసన, అడుగున నల్లటి జిగురు. సైలెన్సర్ గొట్టంలో కందిరీగలు మట్టితో గూడు కట్టాయి. వైరింగ్ ఎలుకలు కొరికేశాయి. నాలుగు టైర్లూ పగుళ్లు. స్టీరింగ్ పావు చుట్టు తిప్పాక గాని ముందు చక్రాలు కదలవు. కాగితాలు కూడా అంతే: ఆర్‌సీ ఇంకా పెద్దనాయన పేరు మీదే ఉంది, దాని మీద బ్యాంకు అప్పు ముద్ర కూడా అలాగే ఉంది.

నేను ప్రైవేటు ఉద్యోగం చేస్తాను, ఆదివారాలు మాత్రమే ఊరికి పోతాను. మెకానిక్ పని రాదు కాని నేర్చుకుంటూ చేయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? విడిభాగాలు దొరుకుతాయా? కాగితాల సంగతి ఏంటి? తెలిసినవాళ్లు చెప్పండి.

పాలమూరు పల్లి
3 నవంబరు 2025

అన్నా, మీ పెద్దనాయనకు నమస్కారం. మా దగ్గర ఆగిపోయిన బండ్లను ఇంకో ట్రాక్టర్‌కు గొలుసుతో కట్టి, మూడో గేరులో వేసి గుంజుతారు. వంద గజాలు గుంజితే ఎంత జామ్ అయినా ఊడి వస్తుంది. మా మామ మహీంద్రా నాలుగేళ్లు ఆగితే అట్లనే లేపినం. ఒక్క పూట పని. ముందు అది చేసి చూడండి.

షెడ్డు మిస్త్రీ, దేవరకొండ
4 నవంబరు 2025

పల్లి తమ్ముడు మంచి మనసుతోనే చెప్పిండు. కాని చండూరు తమ్ముడూ, ఆ పని మాత్రం చెయ్యకు. నాలుగేళ్లు నిలబడ్డ బండి సంగతి వేరు, జామ్ అయిన బండి సంగతి వేరు. ఏడేళ్లలో సిలిండర్ గోడ మీద నూనె పొర ఎండిపోయి ఉంటది, రింగులు తుప్పుతో గోడకు అతుక్కుని ఉంటయ్. బయటి నుంచి బలంగా తిప్పితే రింగు విరుగుతది, గోడ మీద గీతలు పడతయ్, కనెక్టింగ్ రాడ్డు వంగినా వంగుతది. సింగిల్ సిలిండర్‌లో భారమంతా ఒక్క రాడ్డు మీదే పడతది.

ఇట్ల చెయ్యి. సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ విప్పు. ఆ రంధ్రంలో డీజిల్, ఇంజిన్ ఆయిల్ సగం సగం కలిపి ఒక గ్లాసెడు పొయ్యి. నాలుగు రోజులు వదిలెయ్యి. మళ్లీ కొంచెం పొయ్యి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఫ్లైవీల్‌ను, అంటే ఇంజిన్‌తో పాటు తిరిగే బరువు చక్రాన్ని, ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి మెల్లగా తోస్తూ ఉండు. ఒక నూలు కదిలిందంటే చాలు, ఆ రోజుకు ఆపెయ్యి. తొందరపడితే ఇనుము విరుగుతది. నా చేతిలో ఒకటి ఇరవై రోజులకు వదిలింది.

అది వదిలినా వెంటనే స్టార్ట్ చెయ్యకు. పాత ఆయిల్ తీసెయ్యి, లోపలికి కారిన డీజిల్ కూడా అందులోనే ఉంటది. ట్యాంకు దించి కడుగు. అందులో గుప్పెడు నట్లు వేసి, డీజిల్ పోసి, మూత పెట్టి బాగా ఊపితే జిగురు రాలుతది. నట్లు లెక్కపెట్టి వెయ్యి, అన్నీ బయటికి వచ్చినయా చూసుకో. ట్యాంకుకు రంధ్రం ఉండి వెల్డింగ్ చేయించాల్సి వస్తే కడగని ట్యాంకును మంట దగ్గరికి పోనియ్యకు. ఖాళీగా కనబడినా లోపల ఆవిరి ఉంటది, పేలుతది.

పంపు, నాజిల్ రెండూ కాలిబ్రేషన్ షాపుకు పంపు. నాజిల్ పరీక్ష చేసేటప్పుడు దాని ముందు చెయ్యి పెట్టకు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరిపోతది. చిన్న సూది గుచ్చినట్టే కనబడతది కాని చెయ్యి పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ఇంకొకటి, మర్చిపోవద్దు. మొదటిసారి స్టార్ట్ చేసే రోజు గాలి లోపలికి పోయే గొట్టం దగ్గర ఒక చెక్క పలక పట్టుకుని ఒక మనిషి నిలబడాలి. చాలా రోజులు ఆగిన పంపులో డీజిల్ ఎంత పోవాలో తేల్చే రాక్ అతుక్కుంటే ఇంజిన్ వేగం ఆగకుండా పెరిగిపోతది. అప్పుడు తాళంచెవి తిప్పినా ఆగదు, గాలి మూసేస్తేనే ఆగుతది. గుడ్డ పెట్టొద్దు, లోపలికి లాగేసుకుంటది.

వనపర్తి బిడ్డ
4 నవంబరు 2025

మిస్త్రీ గారి పోస్టును నేను దాచిపెట్టుకున్నాను.

చండూరు అన్నా, మీ దగ్గర ఉన్న బండి చిన్నది కాదు. మన దేశంలో తయారైన మొదటి ట్రాక్టర్‌గా చెప్పుకునేది ఐషర్‌నే. 1960 ప్రాంతంలో ఫరీదాబాద్ ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చింది, జర్మనీ ఐషర్ కంపెనీ సాంకేతికతతో. 2005లో ఐషర్ ట్రాక్టర్ల వ్యాపారాన్ని చెన్నై ట్రాక్టర్ల కంపెనీ టాఫే తీసుకుంది.

విడిభాగాల గురించి టెన్షన్ వద్దు. ఒకటే సిలిండర్, 1557 సీసీ, 25 హార్స్ పవర్ ఇంజిన్‌తో ఐషర్ 242 ఇప్పటికీ కొత్తగా అమ్ముతున్నారు. ఇంజిన్ సామాను చాలావరకు దొరుకుతుంది. మీ బండి ప్లేటు మీద మోడల్, ఇంజిన్ నంబరు చూసి రాసుకోండి. షాపుకు పోయేటప్పుడు పాత భాగం వెంట తీసుకుపోండి, నోటితో చెబితే వేరేది అంటగడతారు.

మా నాన్న హెచ్ఎంటీ 2511 ఉండేది. ఆయన పోయిన రెండో నెలలోనే అమ్మేశాం. అప్పుడు డబ్బు అవసరం, తప్పలేదు. ఈరోజుకీ ఎక్కడైనా పాత హెచ్ఎంటీ కనబడితే నంబరు ప్లేటు చూస్తాను. మీరు అమ్మకండి.

చండూరు బత్తాయి
24 నవంబరు 2025

మిస్త్రీ అన్నా, కదిలింది!

మూడు ఆదివారాలు పోశాను. మధ్యలో వారం రోజులు పెద్దమ్మే రోజూ చెంచాతో పోసింది, నేను ఫోన్‌లో చెబితే. నిన్న ఫ్లైవీల్‌ను సబ్బల్‌తో మెల్లగా తోస్తే రెండు వేళ్లంత జరిగింది. మీరు చెప్పినట్టే అక్కడే ఆపాను. మళ్లీ సాయంత్రం తోస్తే పూర్తి చుట్టు తిరిగింది. తిరిగేటప్పుడు లోపల ఒక చోట గరగరమని ఆగుతున్నట్టు ఉంది.

ప్లేటు తుడిస్తే 241 అని కనబడింది. ఇంజిన్ మీద రేకు కవర్ విప్పితే కింద ఎలుకల గూడు, పల్లి పొట్టు, బత్తాయి ఆకులు, గుడ్డపేలికలు. ఫిన్నుల మధ్య మట్టి గట్టిపడి ఇటుక లాగా ఉంది. ఒక పూటంతా సన్న కట్టెపుల్లతో గీకాను.

షెడ్డు మిస్త్రీ, దేవరకొండ
24 నవంబరు 2025

సంతోషం తమ్ముడూ. ఆ ఫిన్నుల మట్టి నువ్వు చూడకుండా స్టార్ట్ చేసి ఉంటే గంటలో ఇంజిన్ పట్టేసేది. నీళ్ల బండికి రేడియేటర్ ఎట్లనో దీనికి ఆ ఫిన్నులు అట్ల. రేకు కవర్ మళ్లీ తప్పకుండా బిగించు. అది లేకున్నా బండి నడుస్తది కాబట్టి చాలామంది పక్కన పడేస్తారు. బ్లోయర్ గాలి ఇంజిన్ చుట్టూ తిరిగేది ఆ కవర్ వల్లనే. అది లేకుంటే గాలి పక్కకు పోతది, వెనక వైపు కాలుతది.

గరగర అంటే రింగులు ఆగిన చోట తుప్పు గీత పడ్డది. హెడ్ ఎత్తాల్సిందే. మంచి లేత్ వాళ్లకు చూపించు.

కాగితాల పని, నల్లగొండ
26 నవంబరు 2025

ఇంజిన్ సంగతి మిస్త్రీ గారు చూస్తున్నారు, నేను ఆర్‌సీ గురించి చెబుతాను. ఇరవై ఏళ్లుగా ఈ కాగితాలే నింపుతున్నాను.

మీరు తమ్ముని కొడుకు. పెద్దనాయన వీలునామా రాయకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం మొదటి వరుస వారసులు పెద్దమ్మ, ఆమె పిల్లలు. మీరు ఆ వరుసలోకి రారు. అందుకే ఆర్‌సీ నేరుగా మీ పేరు మీదికి మార్చాలని పోతే తిప్పి పంపుతారు. రెండు మెట్లుగా చేయండి.

మొదట పెద్దమ్మ పేరు మీదికి. దీనికి ఫారం 31. మరణ ధ్రువపత్రం, తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కావాలి, అది మీసేవలో అప్లై చేయవచ్చు. పిల్లలు ఉంటే వాళ్లు తమకు అభ్యంతరం లేదని అఫిడవిట్ ఇవ్వాలి. రూలు ప్రకారం యజమాని చనిపోయిన 30 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేయాలి, మూడు నెలల్లో ఫారం 31 ఇవ్వాలి. మీకు గడువు దాటింది. దాటినంత మాత్రాన పని ఆగదు, ఫైన్ కట్టాల్సి రావచ్చు. ఇంకా ఆలస్యం చేయకండి. రెండో మెట్టులో పెద్దమ్మ నుంచి మీ పేరు మీదికి, ఫారం 29, ఫారం 30.

ఈ రెండింటికీ ముందు బ్యాంకు అప్పు ముద్ర తీయించాలి. అప్పు తీరిందా? తీరితే బ్యాంకు నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఫారం 35 కావాలి. ఏ బ్యాంకో చెప్పండి.

ట్రాక్టర్ రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లు, తర్వాత ఐదేసి ఏళ్లకు రెన్యూవల్. ఫారం 25 పెట్టి బండిని చూపించాలి. ఎప్పటిదాకా ఉందో ఆర్‌సీ మీద చూడండి, గడిచిపోతే అదనపు ఫీజు పడుతుంది. పదేళ్లు దాటిన ట్రాక్టర్లను తుక్కు చేయాలని వాట్సాప్‌లో తిరిగిన మాట నిజం కాదు, కేంద్ర రవాణా శాఖే ఖండించింది.

ట్రాలీ కూడా ఉందా? దానికి వేరే నంబరు, వేరే ఆర్‌సీ ఉంటుంది. చాలామంది ఇది మర్చిపోయి మళ్లీ ఒకసారి తిరుగుతారు.

చండూరు బత్తాయి
27 నవంబరు 2025

సార్, చాలా కృతజ్ఞతలు. ఆర్‌సీ మీద నాగార్జున గ్రామీణ బ్యాంకు అని ఉంది. అప్పు 1998లోనే తీరింది. చివరి రసీదు పెద్దమ్మ ట్రంకు పెట్టెలో పెద్దనాయన పాస్‌పుస్తకంతో కలిపి కట్టి ఉంది. ఆయన ఎన్ఓసీ తెచ్చుకోలేదు. ఇప్పుడు ఆ పేరుతో బ్యాంకే లేదు కదా? పిల్లలు ఇద్దరు అక్కలు. పెద్దక్క సూర్యాపేటలో, చిన్నక్క హైదరాబాద్‌లో ఉంటారు.

కాగితాల పని, నల్లగొండ
27 నవంబరు 2025

బ్యాంకు పేరు మారింది, అంతే. నాగార్జున గ్రామీణ బ్యాంకు ఖమ్మం, నల్లగొండ జిల్లాల్లో ఉండేది. 2006లో మిగతా గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు అయింది. 2025 జనవరి 1 నుంచి మన వైపు బ్రాంచీలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. మీ పెద్దనాయన అప్పు తీసుకున్న బ్రాంచీ ఇప్పుడు ఏ బోర్డుతో ఉందో చూసుకుని అక్కడికే పోండి. రసీదు, ఆర్‌సీ, మరణ ధ్రువపత్రం జిరాక్సులు ఇచ్చి రాతపూర్వకంగా అడగండి. అప్లికేషన్ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. ఆ రసీదును లామినేషన్ చేయించకండి, జిరాక్సు తీసి అసలు జాగ్రత్త పెట్టండి. మీ పెద్దమ్మ దాచింది కాబట్టి మీ పని సగం అయినట్టే.

తోట అక్క, గుర్రంపోడు
30 నవంబరు 2025

తమ్ముడూ, మాకు కూడా బత్తాయే. ఆరెకరాలు. బండి బాగుచేసే సంబరంలో తోటను మర్చిపోకు, అందుకే రాస్తున్నా.

ఏడేళ్ల కింద చెట్లు వేరు, ఇప్పుడు చెట్లు వేరు. కొమ్మలు సాళ్ల మధ్యకు వచ్చి ఉంటయ్. ముందు సాలు సాలూ నడిచి చూడు, వెడల్పు కొలువు. కొమ్మ తగిలే చోటికి బండి తీసుకుపోవద్దు. దాని సైలెన్సర్ పైకి ఉంటుంది కదా, వేడి పొగ నేరుగా ఆకులకు, పిందెలకు తగులుతుంది.

గొర్రు వేసేటప్పుడు లోతు పెట్టకు. బత్తాయి తిండి వేర్లు పైపైనే ఉంటయ్, చెట్టు గొడుగు కింద ఎక్కువ. గొడుగు కింద చేత్తోనే కలుపు తియ్యాలి, బండి సాలు నడుమ మాత్రమే తిరగాలి. మొదలుకు చక్రం గాని గొర్రు గాని గీరుకుంటే ఆ గాయం నుంచే బంక తెగులు మొదలవుతుంది. మేము కిరాయి బండ్లు పెట్టినప్పుడు తొందర మీద దున్ని మూడు చెట్ల మొదళ్లు గీకిపోయారు. రెండేళ్లలో ఆ మూడూ ఎండినయ్. కిరాయి డ్రైవర్‌కు ఎకరాల లెక్క, మనకు చెట్ల లెక్క. సొంత బండి ఉండాలని నేను అనేది ఇందుకే.

నేల తడిగా ఉన్నప్పుడు దించకు. టన్నున్నర మీద బరువు, చల్క అయినా గట్టిపడుతుంది. మీరు తోటకు నీళ్లు ఆపి బెట్టకు వదిలేది ఎప్పుడు? ఆ టైముకు బండి సిద్ధమైతే నడుమ సాళ్లు ఒకసారి పైపైన గొర్రు వేసుకోవచ్చు.

పనిముట్లను తిప్పే వెనక షాఫ్టు, అదే పీటీఓ, దాని మీద కవర్ లేకపోతే కొత్తది వేయించు. పంచె, తువ్వాల, చున్నీ ఏదైనా చుట్టుకుంటే మనిషిని వదలదు.

లేత్ పని, మిర్యాలగూడ
8 డిసెంబరు 2025

నిన్న చండూరు తమ్ముడు బ్యారెల్, పిస్టన్, హెడ్, క్రాంకు, ముందు యాక్సిల్ కింగ్ పిన్నులు వేసుకుని మా దగ్గరికి వచ్చిండు. చూసింది రాస్తున్నా, వేరేవాళ్లకూ పనికొస్తది.

ఈ ఇంజిన్ కొత్త బోరు 115 మిల్లీమీటర్లు, స్ట్రోకు 150. బోర్ గేజ్ పెట్టి పైన, నడుమ, కింద, రెండు దిక్కులా కొలిచినం. పైన రింగు తిరిగే చోట బాగా అరిగింది. దానికి తోడు రింగులు ఆగిన చోట తుప్పు గుంటలు గోరుకు తగులుతున్నయ్. గోరుకు తగిలే గుంట హోనింగ్‌తో, అంటే గోడను పైపైన రుద్దితే, పోదు. బోరు పెంచి పెద్ద పిస్టన్ వేయొచ్చు, లేదా బ్లాక్ పిస్టన్ కిట్ కొత్తది వేయొచ్చు. దీనికి కిట్ దొరుకుతది కాబట్టి కొత్తదే చెప్పినా. ధర కొంచెం ఎక్కువైనా ఫిన్నులు విరగని కొత్త బ్యారెల్ వస్తది. పాతదానికి మూడు ఫిన్నులు విరిగి ఉన్నయ్.

హెడ్ మంచిదే. వాల్వులు గ్రైండ్ చేసి కూర్చోబెట్టి, డీజిల్ పోసి లీకు చూసినం, కారలేదు. క్రాంకు కొలిచినం, అరుగుదల లిమిట్ లోపలే. పెద్దనాయన ఆయిల్ టైముకు మార్చేవాడని క్రాంకు చూస్తే తెలిసిపోతది. ముందు యాక్సిల్ కింగ్ పిన్నులు, బుష్‌లు మాత్రం పూర్తిగా పోయినయ్, స్టీరింగ్ ఆట అక్కడిదే. కొత్త బుష్‌లు తిప్పి ఇచ్చినం.

చండూరు బత్తాయి
8 డిసెంబరు 2025

అన్నా, క్రాంకు గురించి మీరు చెప్పిన మాట పెద్దమ్మకు చెప్పాను. లోపలికి పోయి ఒక పాత క్యాలెండర్ తెచ్చింది. ఆయిల్ మార్చిన తేదీలన్నీ పెద్దనాయన దాని మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టాడు.

టైర్ల గురించి ఒక సలహా కావాలి. వెనక 12.4-28, ముందు 6.00-16. పాతవాటి మీదే కొత్త రబ్బరు బటన్ వేయించాలా, కొత్తవి కొనాలా?

పాలమూరు పల్లి
9 డిసెంబరు 2025

అన్నా, ముందు నేను చెప్పింది తప్పని మిస్త్రీ అన్న చెప్పినంక అర్థమైంది. గుంజి ఉంటే ఆ గుంటలన్నీ గీతలయ్యేవి.

టైర్లు కొత్తవే కొనండి. పక్క గోడ పగిలిన టైరుకు బటన్ వేయిస్తే పైన కొత్తగా ఉంటది, పక్కన పేలుతది. సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ టైర్లు, విడిభాగాల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో 5 శాతమే వేశారా చూసుకోండి.

వనపర్తి బిడ్డ
21 డిసెంబరు 2025

పెయింట్ సంగతి ఏం ఆలోచించారు? కొత్త రంగు వేస్తే షోరూం బండి లాగా మెరుస్తుంది. నేనైతే మొత్తం గీకించి కొట్టిస్తాను. ఎప్పుడో ఒకసారి చేసే పని.

చండూరు బత్తాయి
22 డిసెంబరు 2025

నేనూ మొదట అదే అనుకున్నాను. పెయింటర్‌తో మాట్లాడి రోజు కూడా ఖాయం చేశాను.

మొన్న పెద్దక్క అఫిడవిట్ మీద సంతకం పెట్టడానికి వచ్చింది. కొట్టంలోకి పోయి బండి చుట్టూ ఒకసారి తిరిగింది. వెనక మడ్‌గార్డ్‌ల మీద ఎడమ వైపు పెద్దక్క పేరు, కుడి వైపు చిన్నక్క పేరు ఉంటాయి. బండి కొన్న ఏడాది చండూరులో బోర్డులు రాసే ఆయనతో పెద్దనాయన రాయించాడు. ఎరుపు అక్షరాలు, చుట్టూ పసుపు గీత. అప్పుడు పెద్దక్కకు ఆరేళ్లు. ఇప్పుడు అక్షరాలు సగం చెరిగిపోయాయి, చదవడానికి మాత్రం వస్తాయి. అక్క సంతకం పెట్టి, పెన్ను నాకు ఇస్తూ "బండి నీదే తమ్మీ, నాకేం వద్దు. ఆ పేర్లు మాత్రం తుడవకు" అన్నది.

పెయింటర్‌కు ఫోన్ చేసి వద్దని చెప్పాను. తుప్పు పట్టిన చోట గీకి రెడ్ ఆక్సైడ్ కొట్టి, ఆ మేరకే రంగు వేస్తున్నాను. మడ్‌గార్డ్‌లను సబ్బు నీళ్లతో కడిగి వదిలేశాను.

వనపర్తి బిడ్డ
22 డిసెంబరు 2025

నా మాట వెనక్కి తీసుకుంటున్నాను అన్నా. ఆ పేర్ల మీద క్లియర్ లాకర్ పలుచగా ఒక కోటు వేయించండి, ఎండకు ఇంకా చెరిగిపోకుండా ఉంటాయి. ముందు ఒక మూల చిన్నగా వేసి చూడండి, పాత రంగు కరుగుతుందేమో తెలుస్తుంది.

చండూరు బత్తాయి
19 జనవరి 2026

సంక్రాంతికి అందరం ఊరికి పోయాం. ఇద్దరక్కలు, బావలు, పిల్లలు. నిన్న ఆదివారం బండి స్టార్ట్ చేశాం. జరిగింది జరిగినట్టు రాస్తాను, ఎందుకంటే ఒక తప్పు కూడా చేశాం.

కిట్ వేశాక మిస్త్రీ అన్న స్వయంగా వచ్చి హెడ్ బిగించి, ట్యాపెట్ గ్యాప్ పెట్టి పోయాడు. పైసలు ఇస్తే ఆయిల్ డబ్బా ఖర్చు మాత్రం తీసుకున్నాడు. మిగిలిన పనులు నేను, చిన్నబావ కలిసి చేశాం. కొత్త వైరింగ్, కొత్త బ్యాటరీ, ఫిల్టర్లు. పైపుల్లోంచి ఎయిర్ తీశాం. లోపలికి పోయే గాలిని ఆయిల్‌తో శుభ్రం చేసే ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ గిన్నె కడిగి కొత్త ఆయిల్ పోసింది బావ. నేను చూడలేదు.

సెల్ఫ్ కొడితే నాలుగోసారికి అందుకుంది. మొదట తెల్ల పొగ, తర్వాత డుగ్ డుగ్ డుగ్ అని అదే పాత చప్పుడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నిమిషం కూడా కాలేదు, వేగం దానంతట అదే పెరగడం మొదలైంది. యాక్సిలరేటర్ పూర్తిగా దించే ఉంది. స్టాప్ లాగితే ఆగడం లేదు. నల్ల పొగ, బండి మొత్తం ఊగిపోతోంది. పెద్దబావ చెక్క పలక పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. నేను అరవకముందే గాలి గొట్టం మీద పలక అదిమి పెట్టాడు. మూడు నాలుగు సెకన్లలో ఆగింది. నా చేతులు చాలాసేపు వణికాయి.

మిస్త్రీ అన్నకు వీడియో కాల్ చేస్తే మొదటి మాటే "ఎయిర్ క్లీనర్ గిన్నె తీసి చూపించు" అన్నాడు. గీత దాటి వేలెడు ఎత్తున ఆయిల్ ఉంది. ఇంజిన్ ఆ ఆయిల్‌నే లోపలికి లాగి డీజిల్ లాగా కాల్చుకుంది. పంపు తప్పు కాదు. గిన్నె ఖాళీ చేసి, గొట్టం అంతా తుడిచి, గీత వరకే పోసి, రెండు గంటల తర్వాత మళ్లీ స్టార్ట్ చేశాం. ఈసారి నిలకడగా నడిచింది. పాత బండి బాగుచేసే ప్రతి ఒక్కరూ ఆ పలక దగ్గర పెట్టుకోండి.

సాయంత్రం తోటకు తీసుకుపోయాను. తోట అక్క చెప్పినట్టు ముందే సాళ్లు నడిచి, కొమ్మలు అడ్డం ఉన్న రెండు సాళ్లు వదిలేశాను. మిగిలిన వాటి నడుమ పైపైన గొర్రు వేశాను. రెండో గేరులో, మెల్లగా. సైలెన్సర్‌కు పైన వంపు గొట్టం పెట్టించి పొగ పక్కకు పోయేలా చేశాను. చెట్లకు పూత మొగ్గ కనబడుతోంది.

చీకటి పడుతుండగా తిరిగొచ్చాను. కాలువ మలుపు దగ్గర వేగం తగ్గించాను, అక్కడ గుంత ఉంది. ఇంటి ముందు ఆపి దిగేసరికి పెద్దమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని అరుగు దగ్గర నిలబడి ఉంది. కాళ్లు కడుక్కున్నాను. ఆమె ఏమీ అనలేదు, నేనూ ఏమీ అడగలేదు. లోపల పొయ్యి మీద గిన్నె మూత ఎగురుతున్న చప్పుడు వినబడింది.

బ్యాంకు ఎన్ఓసీ ఈ నెల 8న వచ్చింది. కాగితాల పని సార్, మీకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. ఫారం 31కు స్లాట్ వచ్చే వారం. అది అయ్యాక రెన్యూవల్, ఇన్సూరెన్స్. అవి చేతికి వచ్చేదాకా రోడ్డు ఎక్కించను, ఇంటి నుంచి తోట వరకు బండ్లబాటే ఉంది.

ఒక సందేహం మిగిలింది. గొర్రు గట్టి నేలలో దిగినప్పుడు ఇంజిన్ చప్పుడు మారడం లేదు కాని బండి ఆగినట్టు అవుతోంది. క్లచ్ జారుతోందా?

షెడ్డు మిస్త్రీ, దేవరకొండ
19 జనవరి 2026

చక్రం అక్కడే తిరుగుతుంటే నేల పట్టు లేదు, చక్రం కూడా ఆగిపోతే క్లచ్ జారుతున్నది. ముందు పెడల్ చేత్తో నొక్కి చూడు. పైన కొంచెం ఆట ఉండాలి. అస్సలు లేకుంటే రాడ్డు నట్టు రెండు చుట్లు వదులు చేసి మళ్లీ గొర్రు దించి చూడు. అట్లనే జారితే ప్లేటు అయిపోయింది, లేదా సీలు కారి ప్లేటుకు ఆయిల్ అంటింది. క్లచ్ హౌసింగ్ కింద చెయ్యి పెట్టి తడి ఉందేమో చూసి చెప్పు. బండిని నడుమకు విప్పాల్సి వస్తే నేనే వస్తా, జాకీలు, చెక్క దిమ్మెలు సిద్ధం పెట్టు. పెద్దమ్మను అడిగినట్టు చెప్పు.

చండూరు బత్తాయి
20 జనవరి 2026

అన్నా, పెడల్‌కు ఆట అస్సలు లేదు. రెండు చుట్లు వదులు చేయమని చిన్నబావకు ఫోన్‌లో చెప్పాను, చేశాడు. కింద పొడిగానే ఉందట. ఆదివారం గొర్రు వేసి చూసి ఇక్కడే రాస్తాను. మీరు ఎప్పుడు వచ్చినా భోజనానికే రావాలని పెద్దమ్మ చెప్పమంది.